కరెంటును తూచిన ఆంపియర్

బోరుబావి ఉన్న రైతు ఇంట్లో రోజూ వినిపించే ఫ్రెంచి పేరు ఒకటుంది. అది ఒక మనిషి పేరని పలికేవాళ్లలో చాలామందికి తెలియదు. మోటారు ఎన్ని ఆంప్సు లాగుతోందని మా నాన్న మా చిన్నాన్నను అడుగుతాడు. ఆంప్సు పడిపోతే బోరులో నీళ్లు అడుగంటాయని, ఆంప్సు పెరిగితే మోటారుకు ముప్పు వచ్చిందని వాళ్లిద్దరూ ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పగలరు. మాది ఐదు హార్స్‌పవర్ మోటారు. ఏడెనిమిది ఆంప్సు మధ్య ముల్లు నిలబడితే ఇంట్లో అందరికీ నిశ్చింత.

ఆ పేరు ఆంపియర్‌ది. మన ఫిజిక్సు పుస్తకంలో ఆయనకు దక్కింది ఒక సూత్రం, ఒక ప్రమాణం, పుట్టిన గిట్టిన సంవత్సరాలు మాత్రమే. ఆయన ఎలా బతికాడో, కంటికి కనిపించని కరెంటును కొలిచే మార్గం ఆయనకు ఎలా దొరికిందో అందులో లేదు. మన సంచికలో ఏటా ఎవరో ఒక మహనీయుని జీవితం వస్తూనే ఉంది గనుక, ఈసారి ఈ మనిషిని గురించి నేను చదివి తెలుసుకున్నది తోటి విద్యార్థులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బడికి పోని పిల్లవాడు

ఆంద్రే మారీ ఆంపియర్ 1775 జనవరి 20న ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరంలో పుట్టాడు. తండ్రి జాన్ జాక్ పట్టు వ్యాపారి. నగరానికి దగ్గరలో పోలిమ్యూ అనే కొండపల్లెలో వాళ్లకొక ఇల్లు ఉండేది. ఆంపియర్ బాల్యమంతా ఆ పల్లెలోనే గడిచింది. ఆ తండ్రికి రూసో రచనలంటే మహా ఇష్టం. పిల్లలకు చదువు బలవంతంగా ఎక్కించకూడదు, వాళ్ల ఆసక్తి వెంట వాళ్లను పోనివ్వాలి అన్నది రూసో భావం. జాన్ జాక్ దాన్ని మాటలతో సరిపెట్టకుండా తన కొడుకు మీదే ప్రయోగించి చూశాడు. పిల్లవాణ్ణి బడికి పంపలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాల మధ్య వదిలిపెట్టాడు.

అంకెలు రాయడం రాకముందే ఈ కుర్రవాడు గులకరాళ్లతో, చిక్కుడు గింజలతో పెద్ద పెద్ద లెక్కలు చేసేవాడట. ఒకసారి జబ్బుపడితే తల్లి ఆ రాళ్లను తీసి దాచిందట. పథ్యంగా తినమని ఇచ్చిన బిస్కెట్టును ముక్కలు చేసి వాటితో మళ్లీ లెక్క మొదలుపెట్టాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. దిదెరో, దాలంబేర్‌లు కూర్చిన విజ్ఞాన సర్వస్వం సంపుటాలను అకారాదిగా మొదటినుంచి చదువుకుంటూ పోయాడు. ముసలితనంలో కూడా అందులోని వ్యాసాలను ఒప్పజెప్పగలిగేవాడట.

ఆయిలర్, బెర్నూలీల గణిత గ్రంథాలు చదవాలని లియోన్ గ్రంథాలయానికి వెళ్తే, అవి లాటిన్‌లో ఉన్నాయని అక్కడివారు చెప్పారు. ఆ పిల్లవాడికి లాటిన్ అంతగా రాదు. ఇంటికొచ్చి లాటిన్ పట్టుబట్టి నేర్చుకొని, కొన్ని వారాల్లో తిరిగివెళ్లి ఆ పుస్తకాలు చదివాడు. ఇంటర్మీడియెట్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చున్న నాలాంటివాళ్లకు ఈ ఘట్టం చాలా దగ్గరగా ఉంటుంది. పరీక్ష కోసమో ఉద్యోగం కోసమో కాకుండా, ఒక లెక్క అర్థం కావాలని భాష నేర్చుకున్నాడు ఆయన.

గిలటిన్ నీడ

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. జాన్ జాక్ లియోన్‌లో న్యాయాధికారి పదవి తీసుకున్నాడు. 1792లో ఆంపియర్ అక్క ఆంత్వానెత్ చనిపోయింది. ఆ మరుసటి ఏడు అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. పారిస్‌లోని విప్లవ ప్రభుత్వం మీద లియోన్ తిరగబడింది. సైన్యం నగరాన్ని ముట్టడించి 1793 అక్టోబరులో లొంగదీసుకుంది. పదవిలో ఉన్న జాన్ జాక్ చెరసాల పాలయ్యాడు. నవంబరులో గిలటిన్ కింద ఆయన తల తెగింది. చనిపోయే ముందు భార్యకు రాసిన ఉత్తరంలో అప్పులూ ఆస్తులూ లెక్క చెప్పి, కొడుకు మీద తనకెంత ఆశ ఉందో కూడా రాశాడు.

అప్పటికి ఆంపియర్‌కు పద్దెనిమిదేళ్లు. తండ్రే గురువు, తండ్రే స్నేహితుడు అయిన ఇంట్లో ఆ తండ్రి లేకుండా పోయాడు. ఏడాదికి పైగా ఆ కుర్రవాడు ఎవరితోనూ మాట్లాడలేదు. పుస్తకం తెరవలేదు. ఆకాశంలోకి చూస్తూ కూర్చోవడం, ఇసుక కుప్పలు పోయడం, ఇంతే. చివరికి రూసో రాసిన వృక్షశాస్త్రపు ఉత్తరాలు చేతికి దొరికి, చెట్టూ చేమా చూడాలని బయటికి వచ్చాడు. మొక్కల వెంట తిరుగుతూ తిరుగుతూ మళ్లీ మనుషుల్లో పడ్డాడు.

1796లో పక్క ఊరి అమ్మాయి జ్యూలీ కారోన్ పరిచయమైంది. 1799 ఆగస్టులో పెళ్లి జరిగింది. 1800లో కొడుకు పుట్టాడు. వాడికి తాత పేరే పెట్టుకున్నారు. ఆ కాన్పు తర్వాత జ్యూలీ ఆరోగ్యం కుదుటపడలేదు. చేతిలో డబ్బు లేదు. ప్రైవేటుగా లెక్కలు చెప్పుకుంటున్న ఆంపియర్‌కు 1802లో బూర్గ్ అనే పట్నంలో ఫిజిక్సు, కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం దొరికింది. లియోన్‌కు అరవై కిలోమీటర్ల దూరం. జబ్బుపడిన భార్యనూ పసివాణ్ణీ లియోన్‌లో వదిలి ఒంటరిగా వెళ్లాడు. లియోన్‌లోనే ఉద్యోగం సంపాదించాలంటే గణితంలో ఒక పేరు తెచ్చుకోవాలి. అందుకని ఆ ఏడాదే జూదం మీద ఒక గణిత గ్రంథం అచ్చువేశాడు. వచ్చినవాడితోనల్లా ఎడతెగకుండా ఆడే జూదరి, ఆట ఎంత న్యాయంగా ఉన్నా చివరికి దివాలా తీయక తప్పదని అందులో లెక్క కట్టి చూపాడు. ఆ పుస్తకం పనిచేసింది. 1803లో లియోన్‌లో ఉద్యోగం వచ్చింది. అదే ఏడాది జూలై 13న జ్యూలీ చనిపోయింది.

ఏ ఊళ్లో ఉండటం కోసం అంత పాటుపడ్డాడో ఆ ఊరే ఆయనకు చేదైంది. 1804లో పారిస్ వెళ్లి, ప్రసిద్ధమైన ఎకోల్ పాలిటెక్నిక్‌లో గణిత బోధకుడిగా చేరాడు. ఒంటరితనం భరించలేక 1806లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ కాపురం ఏడాదైనా సాగలేదు. దాని గుర్తుగా 1807లో పుట్టిన ఆల్బీన్ అనే కూతురు ఆయన దగ్గరే పెరిగింది. చెల్లెలు జోసఫీన్ వచ్చి ఇల్లు చూసుకునేది.

ఉద్యోగ జీవితం మాత్రం పైకే పోయింది. 1808లో విశ్వవిద్యాలయ ఇన్‌స్పెక్టర్ జనరల్, 1809లో ప్రొఫెసర్, 1814లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు సభ్యుడు అయ్యాడు. అవొగాడ్రో సూత్రమని మనం కెమిస్ట్రీలో చదివేదాన్ని 1814లో ఆంపియర్ కూడా విడిగా ప్రతిపాదించాడు. ఆయన మతిమరుపు మీద పారిస్‌లో ఎన్నో కథలు. వీధిలో నడుస్తూ ఒక గుర్రపు బండి వెనక తలుపును నల్లబల్ల అనుకొని సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టాడని, బండి కదిలిపోతుంటే లెక్క పూర్తి చేయడానికి దాని వెంట పరుగెత్తాడని అంటారు. నిజమో కాదో గాని, మనిషి తీరు మాత్రం అదే.

1820 సెప్టెంబరు

ఇంతవరకు ఆయన కరెంటు జోలికి పెద్దగా పోనేలేదు. వయసు నలభై ఐదు. ఆ వయసులో ఆయన జీవితం మలుపు తిరిగింది.

1820లో డెన్మార్కు దేశస్థుడు ఆయిర్‌స్టెడ్ ఒక విచిత్రం గమనించాడు. బ్యాటరీకి తగిలించిన తీగను దిక్సూచి దగ్గరికి తెస్తే ముల్లు పక్కకు తిరిగింది. ఆ సంగతి ఆయన జూలై 21న అచ్చువేసి యూరప్ అంతటా పంపాడు. పారిస్‌లో చాలామంది నమ్మలేదు. విద్యుచ్ఛక్తి వేరు, అయస్కాంతత్వం వేరు అని మహానుభావుడు కూలూంబ్ చెప్పి ఉన్నాడు కదా! సెప్టెంబరు 11న ఆరాగో అనే శాస్త్రజ్ఞుడు పరిషత్తులో అందరి కళ్లముందూ ప్రయోగం చేసి చూపించాక నమ్మక తప్పలేదు. చూసినవాళ్లలో ఆంపియర్ ఒకడు. సరిగ్గా వారం రోజులకు, సెప్టెంబరు 18న, ఆయన తన మొదటి పత్రం చదివాడు. 25న రెండో పత్రం చదివాడు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు పరిషత్తు సమావేశాల్లో ఆయన కొత్త సంగతులే.

ఆయన మొదట పట్టుకున్నది చాలా చిన్న విషయం. ఆయిర్‌స్టెడ్ ముల్లు తీగకు అడ్డంగా పూర్తిగా తిరగలేదు, ఏదో ఒక కోణంలో ఆగింది. ఎందుకు? ముల్లును ఒకపక్క తీగ లాగుతోంది, ఇంకోపక్క భూమి లాగుతోంది. మనం చూసే కోణం ఆ ఇద్దరి మధ్య రాజీ. అలాంటప్పుడు ఆ కోణాన్ని కరెంటు కొలతగా ఎలా తీసుకుంటాం? ఆంపియర్ భూమి ప్రభావం పడని విధంగా ముల్లును అమర్చాడు. అప్పుడు అది తీగకు సరిగ్గా లంబంగా నిలబడింది. ఏదైనా కొలవబోయే ముందు కొలతలో కలుస్తున్న పరాయి వస్తువును తీసేయాలి అన్న పాఠం ఇది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. అంతకుముందు విద్యుత్తు అంటే ఎలక్ట్రోమీటరు చూపించేదే. బ్యాటరీ రెండు కొనలూ విడిగా ఉన్నప్పుడు అది కదులుతుంది, కొనలు కలిపేస్తే ఆ లక్షణాలు పోతాయి. అయస్కాంత సూచి దీనికి సరిగ్గా తలకిందులు. వలయం పూర్తయినప్పుడే తిరుగుతుంది. కాబట్టి ఇవి రెండు వేరు వేరు రాశులని ఆంపియర్ తేల్చాడు. ఒకటి టెన్షను, అంటే ఇవాళ మనం వోల్టేజి అనేదాని పూర్వరూపం. రెండోది ప్రవాహం, అంటే కరెంటు. సూచిని బ్యాటరీ పక్కన పెట్టినా తిరిగింది. అంటే ప్రవాహం తీగలోనే కాదు, బ్యాటరీ లోపలినుంచి కూడా తిరిగి వస్తోంది. ఇది చుట్టు తిరిగే వలయం. ప్రవాహం ఉనికినీ దిక్కునూ సూచితో పట్టే ఈ సాధనానికి గాల్వనా మీటరు అనే పేరు పెట్టాలని ప్రతిపాదించిందీ ఆయనే. మన సూత్రాల్లో కరెంటుకు I అక్షరం రాస్తాం కదా, అది ప్రవాహ తీవ్రత అనే ఫ్రెంచి మాటలో మొదటి అక్షరం, ఆయన వాడుక నుంచి వచ్చింది. తీగ వెంట ఈదుతూ సూచి వైపు ముఖం పెట్టిన మనిషికి ఉత్తర ధ్రువం ఎడమచేతి వైపు తిరుగుతుందన్న ఈతగాడి నియమం కూడా అప్పటిదే.

ఆ తర్వాత ఆయన అయస్కాంతాన్ని పూర్తిగా తీసి పక్కన పెట్టాడు. రెండు తీగలు మాత్రమే సమాంతరంగా ఉంచి రెండింటిలో కరెంటు పంపాడు. ఒకే దిక్కున పోతే తీగలు దగ్గరికి వచ్చాయి. ఎదురెదురు దిక్కుల్లో పోతే దూరం జరిగాయి. ఇందులో కొత్తేముంది, రెండు తీగలూ సూచిని కదుపుతున్నప్పుడు ఒకదాన్నొకటి కదపవా అని ఒక సభ్యుడు తేలిగ్గా తీసేయబోతే, ఆరాగో జేబులోంచి రెండు ఇనుప తాళంచెవులు తీసి చూపాడంటారు. ఈ రెండూ అయస్కాంత సూచిని లాగుతాయి, మరి ఒకదాన్నొకటి లాగడం లేదేం అన్నది ఆయన ప్రశ్న.

తక్కెడ ముల్లు నడిమికి రావాలి

తీగలు లాక్కుంటాయని చూశాడు, సరే. ఎంత బలంతో? దూరం పెరిగితే ఆ బలం ఎంత తగ్గుతుంది? ఆ కాలపు బ్యాటరీలు నిమిషానికో రకంగా ఉండేవి. ఇప్పుడు గట్టిగా పనిచేసి, కాసేపటికి నీరసించేవి. అలాంటి బ్యాటరీతో నేరుగా బలాన్ని కొలిస్తే పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకొక అంకె వస్తుంది.

ఇక్కడే ఆంపియర్ గొప్పతనం. ఆయన బలాన్ని కొలవడం మానేసి, బలాలు సరిసమానమై కదలిక లేకుండా పోయే సందర్భాలను వెతికాడు. మార్కెట్ యార్డులో తక్కెడ చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. రెండు తట్టలూ సరితూగి ముల్లు నడిమికి వచ్చిందంటే, ఎవరు పట్టుకున్నా, ఏ ఊళ్లో పట్టుకున్నా ఆ తూకం తూకమే. అలాగే ఒకే కరెంటు రెండు తీగల్లోనూ పోతున్నప్పుడు బ్యాటరీ బలమైనదైనా నీరసమైనదైనా సున్నా సున్నాగానే ఉంటుంది.

ఇలాంటి నాలుగు సమతౌల్య ప్రయోగాల మీద ఆయన తన సిద్ధాంతం నిలబెట్టాడు. మొదటిది అన్నిటికన్నా సులువు. ఒక తీగను మడిచి, పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ పక్కపక్కనే ఉండేటట్లు చేశాడు. దాని దగ్గర వేలాడదీసిన ఇంకొక తీగ ఏమాత్రం కదల్లేదు. పోయినంత తిరిగి వస్తే బయట ప్రభావం సున్నా అన్నమాట. రెండోదానిలో, తిరిగొచ్చే తీగను వంకరటింకరగా మెలితిప్పినా ఫలితం తిన్నని తీగతో సమానమేనని చూపాడు. మూడోదానిలో పాదరసం మీద తేలికగా జరగగల లోహపు విల్లును పెట్టి, ఏ వలయమూ దాన్ని దాని పొడవు వెంట నెట్టలేదని చూపాడు. అంటే బలం ఎప్పుడూ తీగకు లంబంగానే పనిచేస్తుంది. నాలుగోది మూడు గుండ్రటి చుట్లను నిర్ణీత నిష్పత్తిలో అమర్చి దూరానికీ బలానికీ సంబంధం రాబట్టడం.

ఈ నాలుగు సున్నాల నుంచి గణితంతో రాబట్టిన సూత్రాన్ని 1826లో గ్రంథంగా అచ్చువేశాడు. ఆ గ్రంథం చివర తాను బొమ్మ గీసిన సాధనాల్లో కొన్నింటిని తయారుచేయించడానికి ఇంకా తీరిక దొరకలేదని ఆయనే రాశాడు. నాలుగో ప్రయోగానిది అందులో ఒకటి. అంటే దాని ఫలితం చేసి చూసింది కాదు, అలా వస్తుందని ఆయన ఊహించింది. చెప్పకపోతే ఆ రోజుల్లో పట్టుకునేవాళ్లు తక్కువ. అయినా చెప్పాడు. తర్వాతికాలంలో మాక్స్‌వెల్ మహాశయుడు ఆంపియర్‌ను విద్యుత్ శాస్త్రంలో న్యూటన్ అంతటివాడుగా కొనియాడుతూనే, ఈ సూత్రం నిజంగా ఈ నాలుగు ప్రయోగాల నుంచే దొరికిందంటే నమ్మడం కష్టమని కూడా అన్నాడు.

చేతికి అందినది జారిపోయింది

1822లో జెనీవాలో, ద లా రీవ్ అనే యువకుడితో కలిసి ఆంపియర్ ఒక ప్రయోగం చేశాడు. కరెంటు పోయే చుట్ట లోపల రాగి ఉంగరం ఒకటి వేలాడదీశాడు. దగ్గర బలమైన అయస్కాంతం పెట్టాడు. ఉంగరానికీ బ్యాటరీకీ సంబంధం లేదు. అయినా ఉంగరం కదిలింది. పక్కనున్న కరెంటు రాగిలో ఇంకో కరెంటును పుట్టించింది. ఇదే విద్యుత్ ప్రేరణ. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఆఖరికి మన పొలాల్లోని ఇండక్షన్ మోటారు కూడా దీనిమీద నడిచేవే.

ఆంపియర్ దాన్ని చూశాడు, కాని పట్టించుకోలేదు. అయస్కాంతం లోపల కణకణానికీ చిన్న చిన్న కరెంటు చుట్లు ఎప్పుడూ తిరుగుతుంటాయని తన స్నేహితుడు ఫ్రెనెల్ సూచన మీద ఆయన ఒక సిద్ధాంతం పట్టుకొని ఉన్నాడు. ఉంగరం ప్రయోగం ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి చేసింది. దానికి అవసరమైన జవాబు ఒక విధంగా దొరికింది గనుక, ఆ కరెంటు ఎప్పుడు పుట్టింది, ఎంతసేపు ఉంది అని అడగలేదు. తొమ్మిదేళ్ల తర్వాత 1831లో, గణితం పెద్దగా రాని ఇంగ్లీషువాడు ఫారడే ఆ ప్రశ్న అడిగి ప్రేరణను కనిపెట్టాడు. బలమైన సిద్ధాంతం ఒక్కోసారి కళ్లకు గంతలు కడుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అయితే మరుసటి ఏడే పిక్సీ అనే పనిముట్లవాడు చేతితో తిప్పే జనరేటరు తయారుచేస్తే, దాని కరెంటు ఒకే దిక్కున పోయేటట్లు కమ్యుటేటర్ అమర్చమని సలహా ఇచ్చినవాడు ఆంపియరే.

చివరి రోజులు

1824లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆయన ఫిజిక్సు ప్రొఫెసరయ్యాడు. పేరు వచ్చింది గాని సుఖం రాలేదు. సాధనాలకు సొంత డబ్బు పోసేవాడు. జీతం కోసం ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వదలలేక, గుర్రపు బండ్లలో దేశమంతా తిరిగి బళ్లు తనిఖీ చేసేవాడు. ఆల్బీన్‌కు 1827లో ఒక సైనికాధికారితో పెళ్లి చేశాడు. అల్లుడు తాగుబోతు. ఆ గొడవలు ఇంట్లోకి వచ్చి పడ్డాయి. కొడుకు సాహిత్యంలో మంచి పండితుడయ్యాడు గాని తండ్రికీ కొడుక్కీ పొసిగేది కాదు. 1836లో తనిఖీకి బయలుదేరిన ఆంపియర్ దారిలో జబ్బుపడి, జూన్ 10న మార్సెయ్ నగరంలో కన్నుమూశాడు. ఇంటికి దూరంగా, ఉద్యోగం చేస్తూనే పోయాడు. 1869లో ఆయన అస్థికలను పారిస్ తెచ్చి మోంమార్త్ శ్మశానంలో కొడుకు పక్కన ఉంచారు.

పేరు ప్రమాణమైంది

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ కరెంటు ప్రమాణానికి ఆంపియర్ పేరు పెట్టింది. 1948 నుంచి ఆంపియర్ నిర్వచనం ఆయన సమాంతర తీగల ప్రయోగమే. ఒక మీటరు ఎడంలో ఉన్న రెండు పొడవాటి తీగల మధ్య, మీటరుకు న్యూటన్‌లో కోటి వంతులకు రెండు వంతుల బలం పుట్టించే కరెంటు ఒక ఆంపియర్. ప్రయోగశాలల్లో తీగచుట్టలను నిజమైన తక్కెడకు వేలాడదీసి, ఇంకోవైపు బరువులు వేసి కరెంటును తూచారు. 2019 మే 20 నుంచి ఆ తూకం పోయి లెక్కింపు వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రాను ఆవేశం విలువను స్థిరపరచి, దాన్నిబట్టి ఆంపియర్‌ను నిర్వచిస్తున్నారు. ఆ లెక్కన ఒక ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్లు.

కరెంటును కొలిచే సాధనాలు ఇవాళ ఎన్నో. కరెంటు తీగను వేడి చేస్తుంది. మన స్టార్టరు పెట్టెలోని ఓవర్‌లోడు రిలేలో రెండు లోహాల పట్టీ ఆ వేడికి వంగి మోటారును ఆపుతుంది. తక్కువ నిరోధం గల షంటు గుండా కరెంటును పంపి దాని కొనల మధ్య మిల్లీవోల్టులు కొలవడం ఇంకో పద్ధతి. ఇది ఓమ్ నియమం మీద నడిచేది. మిగిలినవి ఎక్కువగా ఆంపియర్ దారిలోనివే. మన లాబ్‌లోని టాంజెంటు గాల్వనా మీటరు, కదిలే చుట్ట అమ్మీటరు, స్టార్టరు మీది ఇనుపముక్క అమ్మీటరు, ఇవన్నీ కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్నే కొలుస్తాయి.

ఎలక్ట్రీషియన్ తెచ్చే టాంగ్ టెస్టరును చూడండి. తీగ తెంపకుండా, తాకకుండా దాని చుట్టూ దవడలు మూస్తే అంకె కనిపిస్తుంది. తీగ దవడల మధ్యలో ఉన్నా అంచున ఉన్నా అంకె దాదాపు మారదు. వలయం చుట్టూ ఉన్న క్షేత్రం మొత్తం లోపలి కరెంటు మీదనే ఆధారపడుతుందన్న నియమం దానికి కారణం. మాక్స్‌వెల్ రూపమిచ్చిన ఆ నియమాన్ని మనం ఆంపియర్ పేరుతోనే చదువుతున్నాం. మామూలు టాంగ్ టెస్టరులో ఉన్నది చిన్న ట్రాన్స్‌ఫార్మరు, అంటే 1822లో ఆంపియర్ చేజార్చుకున్న ప్రేరణ. అందుకే అది ఏసీని కొలుస్తుంది గాని, మారని డీసీని కొలవలేదు. సోలారు పంపుసెట్టు పలకల నుంచి వచ్చే డీసీకి హాల్ సెన్సారు ఉన్న టాంగ్ టెస్టరు కావాలి. 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం అది. కరెంటు పోయే పలుచని రేకు మీద అయస్కాంత క్షేత్రం లంబంగా పడితే రేకు పక్క అంచుల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. ఇక 1912లో రోగోవ్‌స్కీ వర్ణించిన ఇనుము లేని తీగచుట్టను తాడులా వంచి ఎంత లావు కేబులుకైనా చుట్టి వేల ఆంపియర్ల ఏసీ కొలవవచ్చు.

ఈ సాధనాల్లో నా మనసుకు పట్టింది ఒకటుంది. టాంగ్ టెస్టరు దవడల్లో ఒక ఫేజు తీగకు బదులు మోటారుకు పోయే మూడు తీగలనూ కలిపి పెట్టండి. అంకె సున్నా వస్తుంది. పోయేదీ తిరిగొచ్చేదీ సరితూగాయి. ఇది ఆంపియర్ మొదటి సమతౌల్య ప్రయోగమే. సున్నా రాలేదంటే కొంత కరెంటు తీగల వెంట తిరిగి రాకుండా మరో దారిన భూమిలోకి పోతోందన్నమాట. ఆ దారి తడిసిన పైపు కావచ్చు, స్టార్టరు పెట్టె మీద చెయ్యి వేసిన మనిషి కావచ్చు. లీకేజి బ్రేకరు చేసేది ఇంతే. తీగలన్నిటినీ ఒకే ఉంగరంలోంచి పోనిచ్చి సున్నా కోసం కాపలా కాస్తుంది. మనుషుల రక్షణకు వాడే రకం, ఆంపియర్‌లో వెయ్యికి ముప్పై వంతులు తేడా వచ్చేసరికి సెకనులో చిన్న భాగంలో కరెంటు తెంచేస్తుంది.

మన పల్లెల్లో ఏటా రైతులు స్టార్టర్ల దగ్గర షాక్ కొట్టి పోతూనే ఉన్నారు. మా ఊళ్లోనే నాకు తెలిసి ఇద్దరు అలా పోయారు. ఓవర్‌లోడు రిలే, ఫ్యూజు ఉన్నాయి కదా అంటారు. అవి మోటారును కాపాడేవి. ఏడెనిమిది ఆంప్సు మోటారుకు పెట్టిన ఫ్యూజు, మనిషిని చంపడానికి చాలిన ఒక ఆంపియర్‌లో పదో వంతును గుర్తించనే గుర్తించదు. లీకేజి బ్రేకరు పెట్టినచోట కూడా, వానకు పదే పదే పడిపోతోందని విసుగెత్తి తీసి పక్కన పడేసేవాళ్లున్నారు. అది పడిపోతోందంటే ఎక్కడో తూకం తప్పిందని చెబుతోంది. ఆ లీకేజి ఎక్కడుందో వెతికి బాగు చేయించాలి గాని, చెప్పేదాన్ని తీసేస్తే ఎలా?

మనలో చాలామందిమి పొలాల మీదనుంచి వచ్చినవాళ్లమే. ఆంపియర్ నియమాన్ని అయిదు మార్కుల ప్రశ్నగా చదివి, పరీక్షలో రాసి, అక్కడితో మరచిపోతాం. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు స్టార్టరు పెట్టెకు ఎర్తు ఉందో లేదో, లీకేజి బ్రేకరు ఉందో లేదో చూసి, లేకపోతే ఎందుకు కావాలో నాన్నకో అన్నకో విడమర్చి చెప్పి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. రెండు వందల ఏళ్ల కిందట, సొంత జీవితంలో ఏ తూకమూ కుదరని ఒక మనిషి మడిచిన తీగ పక్కన కూర్చొని, అది కదలకపోవడం చూసి సంతోషించాడు. ఆ సున్నా విలువ మన ఇళ్లలో ఒక ప్రాణం.